వేడి కారుల సల్లగున్న జాగ

నా చిన్నప్పుడు మా ఇంట్ల పొద్దున లేవంగనే అందరికంటె ముందు నీళ్లు తాగేది మా బాపు కారు. బాయి కాడికెళ్లి రెండు బిందెలు నేనే మోసుకొచ్చేదాన్ని. ఒకటి వంటకు, ఇంకోటి కారుకు. ఇప్పుడు మా మనుమలు నల్లా ఇప్పిపెట్టి ఫోన్ చూసుకుంట నిలబడితె నాకు కోపం ఎందుకొస్తదో వాళ్లకు అర్థం కాదు. ఆ బిందె బరువు నా నడుముకు ఇంకా యాదికున్నది.

మా ఊరు కోరుట్లకు దగ్గర. మా బాపు, అంటె మా నాయిన, ఒక పాత నల్ల కారు కిరాయికి నడుపుతుండె. గడీల దొరలు కొత్తది కొనుక్కున్నంక ఇడిచిపెట్టిన కారు అది. పెండ్లిళ్లకు, దవాఖానకు, జగిత్యాల కచేరికి, సిరిసిల్లకు చీరెలు తెచ్చుకునేటోళ్లకు అదే దిక్కు. దాని రేడియేటర్‌కు, అంటె ఇంజన్‌ను సల్లబరిచే నీళ్ల డబ్బాకు, అడుగున సన్న పొక్క ఉండె. తెల్లారేదాక సుక్క సుక్క కారేది, పొద్దున నేను మల్ల నింపాలె. ఒకనాడు ఆ కారుడు ఆగిపోయింది. బాపు కిందికి వంగి చూసి, దేవుని దయ, తనంతల తానే మానిందన్నడు. ఒక బిందె తప్పిందని నేను సుత సంబురపడ్డ.

రెండు నెలలకు కారు ఉడుకుడు మొదలుపెట్టింది. రోజూ ఉడికితె ఏదో ఒకటి చేద్దురు. ఇది గట్ల కాదు. ఒకనాడు జగిత్యాలకు పోయి నిమ్మళంగ వచ్చేది. ఇంకోనాడు నాలుగు మైళ్లు పోకముందే మూత కాడ బుస్సుమని ఆవిరి లేచేది. కోరుట్ల మెకానిక్ ఫ్యాన్ బెల్టు మార్చిండు, రబ్బరు పైపులు మార్చిండు. ఆయన ముంగట నిలబెట్టి ఎంతసేపు నడిపిచ్చినా ఏం కాకపోయేది, దవాఖాన మెట్లు ఎక్కంగనే జ్వరం దిగిన పిల్లల లెక్క. మా మేనత్త వచ్చి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. దొరలు ఎవలెవల ఉసురు పోసుకున్నరో, గది బండికి తగిలిందన్నరు ఊరోళ్లు.

ఆఖరుకు సిరిసిల్ల పెండ్లికి పోతుంటె నడి ఎండల ఆగింది. పెండ్లిపిల్లను కిందికి దించి తొవ్వ పక్కన నిలబెట్టిరి. బాసింగం కట్టుకున్న పిల్ల అట్ల నిలబడుడు చూసి వాళ్ల తల్లి అన్న మాటలు బాపు ఇంటికొచ్చి చెప్పలేదు, అన్నం సుత తినలేదు. బండిని పాత ఇనుము కింద అమ్మేసి దుబాయి పోత అన్నడు. ఉత్తగ అనలేదు, కోరుట్లల ఏజెంటుకు ఫోటోలు ఇచ్చే వచ్చిండు.

మా ఊర్లె అప్పటికే ముగ్గురు పోయి ఉండిరి. అందుల ఒకాయన బిడ్డ నా దోస్తు. నేను నాలుగో తరగతి దాక చదివిన, ఆ పిల్ల బడి మొకం చూడలే. వాళ్ల నాయిన ఉత్తరం వస్తె పట్టుకొని నా కాడికే వచ్చేది. ఒక్కటే ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివిచ్చుకునేది. అందుకే దుబాయి అన్న మాట వింటెనే నాకు బుగులు పుట్టింది.

జగిత్యాలల రేడియేటర్లు అతికే ముసలి మిస్త్రీ ఉన్నడు, ఒక్కసారి ఆయనకు చూపెట్టు, ఆయన కాదంటె నీ ఇష్టమని మా అమ్మ బతిమిలాడింది. మా అమ్మ ఏదీ అడిగే మనిషి కాదు. బాపుకు కోపమొస్తె ఇల్లు అదిరేది, అమ్మ పొయ్యి కాడ నెత్తి వంచుకొని కూసునేది. గట్లాంటిది ఆ రోజు తాను సుత వస్తనన్నది. నన్ను వెంట తీసుకున్నది.

మిస్త్రీ షాపు అంటె నాలుగు రేకులు, ఒక బొగ్గుల కొలిమి. ఆయన తెల్ల గడ్డం, గళ్ల లుంగీ. మేం పోయినంక బానెట్ ఎత్తనే లేదు. పీట మీద కూసొని అడుగుడు పెట్టిండు. ఎండల ఉడుకుతదా, పొద్దుగూకినంకనా? మనుషులు నిండితెనా, ఉత్త బండినా? గుట్ట ఎక్కుడు కాడనా, దిగుడు కాడనా? బాపుకు ఓపిక తక్కువ. దీనికి ఒక లెక్క లేదు సాబ్, దయ్యం పట్టిన బండి అన్నడు.

"లెక్క లేకుంట ఏదీ ఉడకదు బేటా. నువ్వు చూడలేదు, అంతే."

పక్కన ఛాయ్ హోటల్‌ల ఉత్తగ కూసున్న అయిదుగురిని పిలిచి కార్ల ఎక్కుమన్నడు. ఉత్త బండి మంచిగనే పోతది, బరువు పడితెనే దాని గుట్టు బయటపడ్తదన్నడు. అందుల ఒకడు, ఉడికితె చెప్పుండ్రి, ఛాయ్‌పత్త నా కాడున్నదన్నడు. నేను, అమ్మ షాపు కాడనే ఉన్నం. ఆ ఎండల ఎక్కుడు తొవ్వకు పోయి, గంట కాకముందే బుసలు కొట్టుకుంట తిరిగొచ్చిరి. బాపు మొకం నల్లబడ్డది. మిస్త్రీ మాత్రం పోయిన మేక దొరికినట్టు నవ్విండు.

ఇంజన్ బంద్ చేపిచ్చి, ముట్టుకునేంత వేడికి దిగేదాక ఆయన ఛాయ్ తాగిండు. తర్వాత నన్ను పిలిచిండు. ముప్పై ఏండ్లు నిప్పుల కాడ పని చేసి ఆయన అరచేతులు మొద్దుబారినయట, వేడికి సల్లకు తేడా తెలుస్తలేదట. రేడియేటర్ జాలి మీద పైనుంచి కిందికి మెల్లగ చెయ్యి పెట్టుకుంట రమ్మన్నడు, కాలితె తియ్యమన్నడు. నేను పెట్టిన. ఈడ కాలుతుంది తాతా, ఈడ సుత కాలుతుంది అని గొప్పగ చెప్పుడు మొదలుపెట్టిన. ఆయన నన్ను ఆపిండు.

"కాలేది అందరికి కనబడ్తనే ఉన్నది బేటీ. సల్లగ ఏడున్నదో గది చెప్పు."

మల్ల మొదటినుంచి పెట్టుకుంట వచ్చిన. ఎడమ దిక్కు అడుగున నా రెండు అరచేతులంత జాగ సల్లగ తగిలింది. అంత ఉడికిన బండిల గంత సల్లగ ఉంటదని నేను అనుకోలే. కుడి దిక్కు ఇంకో పట్టీ. నేను చెప్పిన కాడల్ల ఆయన బొగ్గుతోని గీత పెట్టిండు.

గప్పుడు బాపుకు చెప్పిండు. వేడి నీళ్లు తిరిగే జాగ వేడిగనే ఉండాలె. సల్లగున్న కాడికి నీళ్లు పోతలేవు, లోపటి గొట్టాలు మూసుకున్నయ్. ఆ జాగ చేసే పని సుత మిగిలిన జాగనే చేస్తుంది. పొద్దటి పూట, ఉత్త బండికి, ఆ మిగిలిన జాగ సరిపోతది. ఎండల, బరువుతోని, ఎక్కుడుకు సరిపోదు. అందుకే ఒకనాడు ఉడుకుతుంది, ఒకనాడు ఉడుకుతలేదు. ఇంతకుముందు కారేదా అని అడిగిండు. కారేది, తనంతల తానే మానిందని బాపు అన్నడు.

"ఇత్తడి తనంతల తాను మానదు బేటా."

కింది పేచు ఇప్పి నీళ్లు తొట్టిల పట్టిండు. పచ్చటి నీళ్లు వచ్చినయ్. ఒక తీగె లోపలికి పోనిచ్చి గుంజితె పచ్చటి ముద్ద వచ్చింది. వాసన చూసే పని లేకపోయింది, పసుపే. మా దిక్కు చేన్లల్ల పండేదే పసుపు, ఉడకబెట్టినప్పుడు ఊరంతా గదే వాసన.

బాపు లేచిండు. కోరుట్ల మెకానికే కావాలని పోసిండని, వాని గల్లా పట్టి అడుగుత అని ఎగిరిండు. ఛాయ్ హోటల్ వాళ్లు బయటికొచ్చి చూస్తున్నరు. మిస్త్రీ బాపు దిక్కు చూడలే. రేకు నీడల కూసున్న మా అమ్మ దిక్కు చూసిండు, వెంటనే కండ్లు తిప్పుకున్నడు. నేను సుత చూసిన. అమ్మ కొంగు పిడికిట్ల పట్టుకొని భూమిని చూస్తుంది. నా చేతికి జాలి వేడి ఇంకా పోలే. ఆ చెయ్యితోనే పోయి అమ్మ చెయ్యి పట్టుకున్న. గంత ఎండల అమ్మ చెయ్యి సల్లగున్నది.

"నేనే పోసిన," అన్నది అమ్మ.

బాపు ఆమె దిక్కు తిరిగిండు. అమ్మ మెల్లగ చెప్పింది. ఒకసారి లారీ డ్రైవర్ ఒకాయన మా ఇంటి ముంగట ఆగి నీళ్లు అడిగిండట. ఆయన లారీకి సుత గట్లనే కారుతుందట. పిడికెడు పసుపు ఇయ్యమ్మా అని అడిగి పోస్తె ఆగిందట. పిల్ల పొద్దున్నే రెండు బిందెలు మోసి నడుము పట్టుకుంటుంది, ఒక్క బిందె తప్పుతదని తాను సుత పోసింది. మల్ల కారొద్దని వారం వారం పోసింది. కూరల చిటికెడు పసుపు ఎక్కువైతె మా అమ్మ నన్ను గుర్రుమని చూసేది. గట్లాంటి మనిషి పిడికిళ్లతోని పోసింది, నా కోసం.

"మరి బండి ఉడుకుతుంటె చెప్పకపోతివి?" అన్నడు బాపు. గొంతు ఇంకా పెద్దగనే ఉన్నది.

"చెప్తె తిడ్తవని భయం. చెప్పకుంటె దుబాయి పోతవని భయం. నేనేం చెయ్యాలె?"

మిస్త్రీ కొలిమి కాడ కూసొని బొగ్గులు ఎగదోసుకుంట, ఆమె మందు తప్పుది కాదన్నడు. తొవ్వల ఇరుక్కున్న డ్రైవర్లందరు చేసేదే, ఊరు చేరేదాక ఆగుతది. చేరినంక చెప్పాలె, అతికిచ్చుకోవాలె, గంతే. అని, బాపు మొకం చూడకుంటనే ఒక్క మాటన్నడు.

"చెప్పేటట్టు నువ్వుంటివా?"

బాపు అంగీ చేతులు మలుచుకొని కొలిమి తిత్తి కాడ కూసున్నడు.

రేడియేటర్ ఊడదీసి తలకిందులు పెట్టి, నీళ్లు వెనకకు తోసి కడుగుడు పొద్దు వాలేదాక పట్టింది. అమ్మ నీళ్లు పోసింది, నేను పచ్చదనం తగ్గిందా లేదా అని చూసి చెప్పిన. బాపు తిత్తి కొడితె మిస్త్రీ సీసం కరిగిచ్చి అడుగు పొక్కను అతికిండు. పారబోసిన నీళ్లతోని మోరి అంతా పచ్చగైంది. బాపు దాన్ని చూసి, గింత పసుపుకు రెండు పెండ్లిళ్లు ఎల్లుతుండె కదనే అన్నడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. మల్ల ఆ అయిదుగురిని ఎక్కిచ్చుకొని అదే ఎక్కుడు ఎక్కి వచ్చిరి. ఆవిరి లేవలే. ఛాయ్‌పత్త వానికి పని లేకపోయింది.

ఆ వారంలనే బాపు ఏజెంటు కాడికి పోయి ఫోటోలు తెచ్చుకున్నడు. దుబాయి అసలే పోలేదని చెప్తె అబద్ధమైతది. మూడేండ్ల తర్వాత, వరుసగ వానలు పడక, కిరాయిలు దొరకక పోయిండు. పోయే ముందు మాత్రం పొయ్యి కాడ అమ్మ పక్కన కూసొని, పోనా వద్దా అని అడిగిండు. ఆమె చెప్పేదాక బాపు అట్లనే కూసున్నడు. అంతకుముందు మా బాపు ఎవ్వల జవాబు కోసం ఆగుడు నేను చూడలే.

నాది సుత బాపు కోపమే. ఈ ఇంట్ల నా గొంతు వింటె కోడండ్లు గిన్నెలు సప్పుడు కాకుంట పెడ్తరు, నాకు తెలుసు. అయినా ఇంట్ల లొల్లి లేచినప్పుడు అరిచేటోళ్లను నేను పట్టిచ్చుకోను, వాళ్ల బాధ వాళ్లే చెప్పుకుంటున్నరు. అందుల మాట్లాడని మనిషి ఎవలో, ఏడ కూసున్నదో చూస్త. పోయి పక్కన కూసుంట. చెయ్యి పట్టుకుంట. సల్లగుంటె, ఆమె చెప్పేదాక లేవను.