కంటికి కనబడే వెండి

1940. హుజూర్‌నగర్‌లో మాది అవుసుల దుకాణం, వెండిబంగారాల పని. కూలినాలి చేసుకునేవాళ్లకు బ్యాంకు అనే మాటే తెలియని రోజులవి. మిగిలిన నాలుగు డబ్బులను వెండిగా మార్చుకునేందుకు మా దగ్గరికే వచ్చేవాళ్లు. సొమ్ము ఎట్లా దాచుకోవాలో చెప్పడం కూడా నా పనే అనుకునేవాణ్ణి. తెలివిగలవాణ్ణని గీర కూడా బాగానే ఉండేది.

ఒకనాడు యాదమ్మ కొంగుముడి విప్పి నా ముందు ముప్పై హాలీ రూపాయలు పోసింది. హాలీ అంటే నిజాం సిక్కా. ఆమె భర్త మల్లయ్య అప్పుకింద దొర దగ్గర జీతగాడు. అరవై కడితే విడుదల. అందులో సగం కూడబెట్టడానికి ఆమెకు ఆరేళ్లు పట్టింది.

“రూపాయలు గలగలమంటయి, పదిమందికి తెలుస్తది. ముద్ద చేసియ్యి అయ్యా, పొయ్యికింద పాతిపెట్టుకుంట,” అంది.

నాకు నవ్వొచ్చింది. “ఎవడన్న తవ్వుకపోతే? కాళ్లకు కడియాలు చేయించుకో. ఒంటిమీది సొమ్ము ఎవడెత్తుకపోతడు? పటేలు ఇంటోళ్లకు గూడ గదే చెప్పిన.”

“మాకు కడియాలేంది అయ్యా? దొర చూస్తే ఊకుంటడా?”

“నీ సొమ్ము, నీ కాళ్లు. ఫికర్ చెయ్యకు.”

నా మాట తీసెయ్యలేక ఒప్పుకుంది. కడియాల మూతులు ఆమె కాళ్లమీదే నొక్కి బిగించాను. అవుసులవాడు తప్ప ఇంకొకడు తీయలేడని గొప్పగా చెప్పాను.

నెల తిరగలేదు. దొర పొలంలో నాట్లు వేస్తూ చీర ఎగ్గట్టుకుందట, కడియాలు దొర కంట్లో పడ్డాయి. దొర మనిషి ఆమెను నా దుకాణానికే పట్టుకొచ్చాడు.

“వెండి తొడుక్కునే తాహతుంటే ఇన్నేండ్లు మిత్తి ఎందుకు కట్టలేదు? తియ్యి వాటిని!” అన్నాడు నాతో.

“అసలు కింద జమ చేసుకోండ్రి,” అన్నాను, వడ్డీకే పోతే అప్పు తగ్గదని.

“ఇవి మిత్తికే సాలవు. నీకెందుకు? తియ్యి.”

తీశాను. భయపడ్డాను, అంతే. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె ఏడవలేదు. “నేను ముద్దనే అడిగిన గద అయ్యా,” అని వెళ్లిపోయింది. అరవై రూపాయల అప్పు అట్లాగే ఉంది. రెండేళ్లకు మల్లయ్య దొర కొట్టంలోనే చలిజ్వరంతో చనిపోయాడు, జీతగాడిగానే.

పటేలు భార్యకు కడియం భద్రమే. దొర కిందపడి బతికే మనిషికి అదే కడియం చాటింపు. ఆ తర్వాత ఎవరొచ్చినా, “ఇది ఎవరి కంట పడకూడదు?” అని మొదట అడిగి, వాళ్లు చెప్పినట్టే చేశాను. యాదమ్మ మాత్రం మళ్లీ నా గడప తొక్కలేదు. వెండి కరిగించి ముద్ద పోయడం గంటసేపటి పని. అది చేసిచ్చి ఊరుకోక, ఆమె బతుకు ఆమెకన్నా నాకే ఎక్కువ తెలుసనుకున్నాను.