మడ చెట్ల దగ్గర తిట్లు

మా ఆయన నాతో మర్యాదగా మాట్లాడడం మొదలుపెట్టేసరికి నా గుండెల్లో రాయి పడింది. మా గోదావరి లంకల్లో మొగుడు పెళ్లాన్ని "ఒసేయ్" అని పిలవని రోజు ఉందంటే ఆ మనిషికి జ్వరమైనా వచ్చుండాలి, అలకైనా అయ్యుండాలి. మా ఆయనకి జ్వరం లేదు. అలకా కాదు.

నేను అప్పుడు సౌదీలోని ఖతీఫ్‌లో ఆసుపత్రి నర్సుని. ఆయన నా ఇకామా మీద, అదే అక్కడ ఉండనిచ్చే కార్డు మీద, వచ్చాడు. అంటే నా ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఆయనకీ అక్కడ చోటు. పని చేయకూడదని ఆయన కాగితాల్లోనే అచ్చేసి ఉంటుంది. గోదావరి సముద్రంలో కలిసే చోట చిన్నప్పటి నుంచీ వేటకెళ్లిన మనిషి, నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి బట్టలు మడతపెట్టి, పొయ్యి తుడిచి, సోఫా చివర చుట్టంలా కూర్చునేవాడు. "నీ బియ్యం అయిపోవచ్చాయి" అనేవాడు. నా బియ్యమట! ఒళ్లు మండేది.

ఒక సాయంత్రం అన్నం తింటూ, "నాకు ఎగ్జిట్ వేయించెయ్యి. ఇంటికెళ్లిపోతాను" అన్నాడు. కూర బాగుందని చెప్పినంత నెమ్మదిగా అన్నాడు. అరిచి చెప్పుంటే నేనూ అరిచేదాన్ని. పెళ్లయ్యాక మేం ఒక కప్పు కింద ఉన్నది ఆ కొద్ది నెలలే. ఆయన వెళ్లిపోతే మళ్లీ ఫోన్ కార్డుల కాపురం. అది నా వల్ల కాదు. అలాగని ఉండిపొమ్మని బతిమాలితే, ఆ పాడు మర్యాద ఇంకాస్త పెరుగుతుందని భయం. ఆ వారమంతా ప్రభువుకి దండం పెట్టుకోవడం తప్ప ఏం చేయాలో తోచలేదు.

మా ఆసుపత్రిలో ఏసీలు బాగుచేసే జగిత్యాల మనిషి ఒకడుండేవాడు. నన్ను అక్కా అనీ, మా ఆయన్ని బావా అనీ పిలిచేవాడు. అది మార్చి నెల. చలి పోయింది, ఎండ ఇంకా ముదరలేదు.

"సుబేటి ఒడ్డుకు వస్తున్నదట అక్కా. బజార్ల దానికోసం కొట్టుకుంటరు గద, గా తెల్ల చేప. నీళ్లల్ల చెట్లున్న కాడ దొరుకుతదట. శుక్రారం వోదామా?"

మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. పికప్‌లో దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. బండి ఆగింది. ఎదురుగా, నది అన్నదే లేని ఆ దేశంలో, సముద్రం లోపలికి పాయలా వచ్చిన చోట మడ చెట్లు. మా ఊళ్లో ఉన్నట్టే, బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చి. ఆ వాసన తగలగానే మా ఆయన చెప్పులు విప్పేశాడు.

నీళ్లు జర్రున వెనక్కి పోతున్నాయి. చూస్తుండగానే పాయ సగం ఖాళీ అయింది. ఏసీ మెకానిక్ కంగారుపడిపోయాడు.

"అరే, నీళ్లన్నీ వోతున్నయి బావా! ఎవడన్న తూము ఇప్పిండా ఏంది?"

మా ఆయన పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో. "తూమూ లేదు, చెరువూ లేదురా బాబూ. ఇది పాటు. కాసేపాగు, పోటొస్తాది. చేప దాంతోటే లోపలికొస్తాది."

గాలాలకి రొయ్య గుచ్చి, ఒక తాడు నా చేతికిచ్చాడు. నీళ్లు ఆగాయి, తర్వాత మెల్లగా ఎక్కడం మొదలుపెట్టాయి. మడ వేళ్లు ఒక్కొక్కటే మునిగాయి. పైన వేసుకున్న నల్ల అబాయా అంచు బురదలో నానుతుంటే చిరాకు పడుతున్నాను. అంతలో తాడు చెయ్యి కోసుకుపోయేలా గుంజింది. నేను బలం కొద్దీ లాగాను.

"ఒసేయ్! లాగకే! వదులు, తాడు వదులు! పేషెంటు మంచం లాగినట్టు లాగుతావేంటే, బుర్రుందా నీకు?"

మెకానిక్ బిత్తరపోయాడు. "బావా, అక్కనట్ల అనకు" అన్నాడు.

"నువ్వుండరా! ఇదిగో, ఇప్పుడు లాగు. మెల్లిగా. మెల్లిగా అంటే తెలుగు రాదేంటే నీకు?"

నోటికొచ్చినట్టు తిడుతూనే ఉన్నాడు గానీ, తాడు మాత్రం నా చేతిలోంచి తీసుకోలేదు. చేప ఒడ్డున పడేసరికి నాకు ఏడుపొచ్చింది. అరచెయ్యి కోసుకుందేమోనని మెకానిక్ అడుగుతున్నాడు. తిట్లు తిని అంత సంతోషపడ్డ ఆడది ఉంటుందని అతనికేం తెలుసు!

ఇంటికొచ్చాక చేప ఆయనే కోశాడు. పులుసు నేను పెట్టాను. చింతపండు చాల్లేదని, కారం పచ్చిగా ఉందని వంకలు పెడుతూ రెండుసార్లు వడ్డించుకున్నాడు. నేను మాత్రం సగం తిని లేచాను. ఎగ్జిట్ సంగతి ఇంకా తేలలేదు కదా. గిన్నెలు కడగడానికి సింకు దగ్గరికెళ్లి, వెనక్కి తిరక్కుండానే అడిగాను.

"ఇంతకీ బయల్దేరడం ఎప్పుడండీ?"

"బుధవారం అమావాస్య. శుక్రవారానికి కూడా పోటు గట్టిగానే ఉంటాది. తెల్లారగానే బయల్దేరాలి. ఆ ఏసీ ఆయనకి చెప్పు, లేటు చేస్తే ఊరుకోనని."

నేనడిగింది ఇంటికి. ఆయన చెప్పింది వేటకి.

"చెప్తానండీ" అన్నాను.