వాపసు తీసుకోని సవరణ

నార్కట్‌పల్లి చౌరస్తాలో పొద్దున్నే హైదరాబాదు బస్సు కోసం నిలబడ్డాను. బస్సు కంటే ముందు ఒక వాసన వచ్చింది. మామిడికాయ తొక్కు, సరిగా ఆరని పాత చీరలు, వాటికి పట్టుకున్న పత్తిచేను మందు, అన్నీ కలిసిన వాసన అది. సామాన్లు మోసే ట్రాలీ ఆటో ఒకటి నా ముందు నుంచి మెల్లగా మలుపు తిరిగింది. వెనుక తొట్టిలో ఆడవాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని, మోచేతులకు సద్ది సంచులు తగిలించుకుని నిలబడి ఉన్నారు. "జర జరుగుర్రే" అని లోపలి నుంచి ఎవరో అన్నారు. జరగడానికి అక్కడ జాగా లేదు. అయినా జరిగారు. జరగమంటే జరిగేది ఎప్పుడూ వాళ్లే. జరగవలసినవి మాత్రం ఉన్నచోటు నుంచి కదలవు. ఈ మాట నాకు తట్టినందుకు ఒక క్షణం మురిసి, మరుక్షణం సిగ్గుపడ్డాను. ఆటో పోయాక కూడా ఆ వాసన పోలేదు. సువార్తమ్మ గారు గుర్తొచ్చారు. బస్సు వచ్చి, ఆగి, నన్ను ఎక్కించుకోకుండానే వెళ్లిపోయింది.

నేను శాసనసభలో రిపోర్టరుగా పనిచేసి రిటైరయ్యాను. పత్రికల రిపోర్టరును కాదు. సభలోనూ కమిటీల్లోనూ సభ్యులు మాట్లాడిన ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండులో దింపుకుని, తర్వాత పూర్తి వాక్యాలుగా రాసి ఇవ్వడం నా పని. అంటే, వినడమే నా నౌకరి. ఇంట్లో మాత్రం చెప్పింది వినిపించుకోనని మా ఆవిడ అభియోగం. ఆ తీర్మానం మా ఇంట్లో ఎప్పుడో ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. సువార్తమ్మ గారు మా జిల్లా ఎమ్మెల్యే. ఏ పార్టీ అన్నది ఇప్పుడు అవసరం లేదు. తెలంగాణ వచ్చిన తర్వాత గెలిచి, అధికార పక్షం బెంచీల్లో వెనక వరుసన కూర్చునేవారు. రామన్నపేట వైపు ఒక పల్లెలో, భూమి లేని కూలి ఇంట్లో పుట్టారు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులు చేనుకు పోయే ఇల్లు. అక్క మరియమ్మ ఊళ్లో ఆడకూలీల ముఠాకు మేస్త్రి. నాట్లకైనా, కలుపుకైనా, పత్తి ఏరడానికైనా రైతుతో మాట్లాడి ముఠాను తీసుకుపోయేది ఆమే. అక్క రెక్కల మీదనే చెల్లెలు చదువుకుని, హాస్టల్ వార్డెన్ అయి, ఆ తర్వాత రాజకీయాల్లోకి వచ్చారు. ఎమ్మెల్యే అయ్యాక కూడా అక్క పని మానలేదు. మానమంటే, "నువ్వు గెలిచినవు, నేను గెలువలే గద" అన్నదట.

మొదటిసారి ఆమెతో మాట్లాడింది ఒక కమిటీ సమావేశం తర్వాత. సభ్యుల ప్రసంగాల ప్రతిని వాళ్లకే పంపి, తప్పులుంటే దిద్దించుకోవడం మా దగ్గర రివాజు. చాలామంది చూడకుండానే తిప్పి పంపేవారు. ఆమె మాత్రం ఆ కాగితాలు పట్టుకుని స్వయంగా మా సెక్షనుకు వచ్చి, నా బల్ల ముందున్న కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక పేరా మీద వేలు పెట్టి, "ఇది నేనే అన్ననా తమ్మీ? ఇంత మంచి తెలుగు నాకు రాదే" అన్నారు. నిజమే. నార్కట్‌పల్లిలో పుట్టి, ఇంట్లో ఆ భాషే మాట్లాడే నేను, ఎవరు మాట్లాడినా కాగితం మీదకు రాగానే అందరినీ ఒకే ఊరివాళ్లను చేసేవాడిని. ఆమె "బండి బోర్ల పడ్డది" అంటే నేను "వాహనం ప్రమాదానికి గురైనది" అని రాశాను. ప్రమాదం అనేది ఎవరికైనా ఎక్కడైనా ఉంటుందనీ, బోర్ల పడ్డ బండి కింద మాత్రం మనుషులుంటారనీ ఆమె నెమ్మదిగా చెప్పారు. ఆ రోజు నుంచి ఆమె మాటలను ఆమె మాటల్లాగే రాయడం మొదలుపెట్టాను. మా సూపరింటెండెంటు ఎర్ర సిరాతో దిద్దడం కూడా ఆ రోజు నుంచే మొదలుపెట్టాడు.

తర్వాత వచ్చింది వాహనాల పన్ను బిల్లు. పన్ను బిల్లులు సాధారణంగా సభలో ప్రవేశించిన వేగంతోనే బయటకు వెళ్తాయి. ఇది మాత్రం ఎందుకో సెలెక్ట్ కమిటీకి వచ్చింది. పద్ధతి ప్రకారం, బిల్లు తెచ్చిన మంత్రిగారే కమిటీకి అధ్యక్షులు. కమిటీ గదిలో మాటలు బయట చెప్పకూడదన్నది మాకు మొదట నేర్పే పాఠం. ఇన్నేళ్ల తర్వాత, పేర్లు లేకుండా ఈ మాత్రం చెబితే నా పెన్షను మీద ఎవరూ కోత తీర్మానం పెట్టరని ఆశ. బిల్లులో ఒక క్లాజు ఉంది: సరుకు బండిలో మనుషులను ఎక్కిస్తే ఆ బండికి అదనపు పన్ను. గదిలో అందరూ బాగుందన్నారు. ప్రాణాలు కాపాడే క్లాజుకు ఎవరు కాదంటారు? అధికారులు ఫ్యాను గాలికి ఎగురుతున్న కాగితాల మీద చాయ్ గ్లాసులు పెట్టుకుని, తర్వాతి క్లాజుకు పోవడానికి సిద్ధంగా ఉన్నారు. సువార్తమ్మ గారు చెయ్యెత్తారు. పీకే పన్నయితే ఒక్కసారి నొస్తుందనీ, మీరు వేసే పన్ను మూణ్ణెల్లకోసారి నొస్తుందనీ మొదలుపెడితే అందరూ నవ్వారు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, అసలు మాట చెప్పారు. "పన్ను పెంచుతె డ్రైవరు ఏం జేస్తడు సార్? గా పైసలు ఎల్లదీయనీకి ఇంకో నలుగుర్ని ఎక్కిస్తడు. మా అక్క గా బండ్లనే పోతది. సీట్లున్న బండి కూలోళ్ల కోసం నడిపితే గా బండికి పన్ను మాఫ్ చెయ్యిర్రి. అప్పుడు ట్రాలీ దిగుతరు."

అదే ఆమె సవరణ. రాతపూర్వకంగా ఇచ్చారు కూడా. ఆర్థిక శాఖ అధికారి ఇబ్బందిగా కదిలాడు. మంత్రిగారు చెడ్డమనిషి కాదు. ఆ మాట నేను సాక్ష్యంగా చెప్పగలను. ఆయన తన ముందున్న బిస్కెట్ల పళ్లాన్ని ఆమె వైపు జరిపి అన్నారు: "సువార్తమ్మా, సవరణ పెడితే ఫైనాన్సోళ్లు కొర్రీలు పెడ్తరు, బిల్లు మొత్తం ఆగుతది. నువ్వు వాపస్ తీస్కో. పత్తి ఏరే యాల్లకు మాఫీ ఉత్తర్వు నేను ఇప్పిస్త. ఇది నా మాట." ఆమె పక్కన ఒక పెద్దాయన ఉండేవారు, ఎన్నో సభలు చూసిన సభ్యుడు. ఆయన ఆమె వైపు వంగి మెల్లగా చెప్పడం నాకు వినిపించింది. "గీ మాట రేపు సభల అనిపియ్యి బిడ్డా. ఆడ అంటె హామీ. ఈడ అంటె ఉత్త మాట." ఆయన చెప్పింది నియమమే. సభలో మంత్రి ఇచ్చిన హామీ నెరవేరిందో లేదో వెంటపడి చూడటానికి ప్రత్యేకంగా ఒక కమిటీ ఉంది. కమిటీ గదిలో చెప్పినదానికి అలాంటి దిక్కు లేదు.

ఆమె ఆయన వైపు చూసి నవ్వారు. మనిషి మొఖం మీద మాట ఇచ్చినంక మళ్లీ గవాయి, సాక్ష్యం ఎందుకని అడిగారు. వాళ్ల ఊళ్లో ముఠాకూ రైతుకూ మధ్య కాగితం ఉండదు. మేస్త్రి, రైతు చేను గట్టు మీద నిలబడి మాట అనుకుంటారు, అంతే. రైతు మాట తప్పితే ఆ చేనుకు ఆ ముఠా మళ్లీ పోదు. పత్తి చెట్టు మీదే తడిసినా పోదు. అందుకని ఎవరూ మాట తప్పరు. ఆ కమిటీ గది కూడా అలాంటి గట్టే అనుకున్నారామె. నేను "సవరణను గౌరవ సభ్యురాలు ఉపసంహరించుకున్నారు" అని రాసుకున్నాను. బిల్లు ఏ అడ్డూ లేకుండా సభ దాటింది. ఆ సాయంత్రం వరండాలో ఎదురైతే ఆమె ఫోనులో అక్కతో మాట్లాడుతున్నారు. సీట్ల బండి వస్తుందని, ముఠాకు చెప్పమని. అంత సంతోషంగా ఆమెను నేను మళ్లీ చూడలేదు.

వానాకాలం మధ్యలో మంత్రివర్గంలో మార్పులు జరిగాయి. మాట ఇచ్చిన మంత్రిగారికి వేరే శాఖ వచ్చింది. ఆయనతోపాటు ఆయన కుర్చీ, బోర్డు, పేషీ అన్నీ మారాయి. మాట మాత్రం ఏ శాఖకూ బదిలీ కాలేదు. ఆమె కొత్త మంత్రిని రెండుసార్లు కలిశారని విన్నాను. ఆయన మర్యాదగా, ఫైలు ఏదీ లేదమ్మా అన్నారట. పత్తి విచ్చింది. అదనపు పన్ను అమల్లోకి వచ్చింది. ఒక ఉదయం, కల్వర్టు దగ్గర మలుపులో, మరియమ్మ ముఠా వెళ్తున్న ట్రాలీ ఆటో బోర్లపడింది. మిగతావాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. మరియమ్మను నల్లగొండ దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది.

మా ఊరికి దగ్గరే కాబట్టి నేనూ వెళ్లాను. మట్టి ఇవ్వడం అయిపోయింది, పాస్టరుగారు పక్కకు తప్పుకున్నారు. ముఠా ఆడవాళ్లు కట్లు కట్టిన చేతులతో అక్కడే కూర్చున్నారు. ఎమ్మెల్యే కదా అని ఎవరో కుర్చీ తెచ్చారు, ఆమె కూర్చోలేదు. వాళ్లలో ఒక ముసలామె, కోపంగా కూడా కాదు, ఏదో లెక్క సరిపోక అడిగినట్టు అడిగింది. "మీ అక్క రోజు చెప్తుండె. మా చెల్లె సీట్ల బండి తెస్తాందని. ఏమాయె బిడ్డా?" మంత్రి మారాడని చెప్పవచ్చు. ఫైలు దొరకలేదని చెప్పవచ్చు. రెండూ నిజాలే. ఆమె రెండూ చెప్పలేదు. వాళ్ల ముందు మట్టిలో కూర్చున్నారు. "తెస్త అన్నోని మాట నమ్మి, నా కాయితం నేనే వాపస్ తీస్కున్న పెద్దమ్మా. మాట తప్పినోళ్ల చేన్లకు మీరు పోరు గద. ఇగ నా దగ్గరికి ఎట్లొస్తరు?" ఆ ముసలామె మంచి చెయ్యితో ఆమె తల మీద పడ్డ మట్టిని దులిపింది. అది క్షమించడమో, అలవాటో నాకు తెలియదు. అలాంటివి రాయడానికి షార్ట్‌హ్యాండులో గుర్తులు లేవు.

తర్వాతి సమావేశాల్లో ఆమె సభలో లేచి ఆ మాట సంగతి అడిగారు. కొత్త మంత్రి, అటువంటి హామీ ఏదీ రికార్డులో లేదన్నారు. ఆమె కమిటీ గది పేరెత్తగానే స్పీకరుగారు ఆపారు: కమిటీలో జరిగిన చర్చను సభలో ప్రస్తావించరాదు. అది నియమం, నియమం సరైనదే. మాట ఇచ్చిన పాత మంత్రిగారు అదే వరుసలో చివర కూర్చుని, తన చేతివేళ్లను చూసుకుంటున్నారు. ఆమె ఆయన వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కూర్చున్నారు. కింద బల్ల దగ్గర రాసుకుంటున్న నా కాగితం మీద అది రెండు పంక్తుల మధ్య ఖాళీ.

మరుసటి ఏడు ఇంకో పన్ను బిల్లు వచ్చింది. ఆమె పాత సవరణనే మళ్లీ ఇచ్చారు, ఈసారి సభలోనే. మంత్రి లేచి పరిశీలిస్తామన్నారు. ఆ తర్వాత సభ్యులు ధన్యవాదాలు చెప్పి ఉపసంహరించుకోవడం ఆనవాయితీ. నా కలం ఆ మాటలో మొదటి అక్షరం అప్పటికే రాసేసింది. పార్టీ విప్ ఒక చీటీ పంపాడు. ఆమె దాన్ని చదివి, మడిచి, బల్ల మీద పెట్టి లేచారు. "వాపస్ తీస్కుంటలేను అధ్యక్షా. ఓటుకు పెట్టుర్రి." ప్రతిపక్షం అప్పటికే వాకౌట్ చేసి క్యాంటీనులో ఉంది. అవునన్నవారు అని స్పీకరుగారు అడిగితే ఒక్క గొంతు వినిపించింది. సువార్తమ్మ గారిది. కాదన్నవారు అంటే సభంతా పలికింది. నేను రాసిన అక్షరం కొట్టేసి, "సవరణ వీగిపోయినది" అని రాశాను.

సాయంత్రం ఆమె మా సెక్షనుకు వచ్చి, ఏం రాశావని అడిగారు. చూపించాను. చాలాసేపు చదివారు, ఉన్నది రెండు మాటలే అయినా. "మంచిగైంది తమ్మీ. ఓడిపోయిందని ఉండాలె. మా అక్క పేరు మీద వాపస్ తీస్కున్నదని మళ్ల ఉండొద్దు." చాయ్ తెప్పించనా అన్నాను. ముప్పొద్దులా వినడమే తెలిసినవాడికి మాట్లాడవలసి వస్తే చాయే దిక్కు. వద్దని వెళ్లిపోయారు.

తర్వాతి ఎన్నికల్లో ఆమెకు టికెట్ రాలేదు. ఊరికి వెళ్లిపోయారు. మొన్నటి ఎండాకాలం, జబ్బు చేసి పోయారు. ఆ ట్రాలీలు ఇంకా పోతూనే ఉన్నాయి. ఇప్పుడు హైదరాబాదులో మా కాలనీలో రోడ్లు ఊడ్చే ఆడవాళ్లు కూడా అలాంటి దాంట్లోనే, నిలబడే వస్తారు. నేను పుట్టుకతో ఉపసంహరణవాదిని. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఎవరైనా కనుబొమ్మ ఎగరేస్తే చాలు, నా ప్రతిపాదన నేనే మడిచి జేబులో పెట్టుకునేవాడిని. పోయిన నెల కాలనీ సంఘం సమావేశంలో, అందరం తలా కొంచెం వేసుకుని వాళ్లకు సీట్లున్న బండి కిరాయికి మాట్లాడదామన్నాను. చూద్దాం సార్ అన్నారు. సెక్రటరీ కుర్రాడు మంచివాడు, నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక, వాపసు తీసుకోండి అంకుల్, వచ్చేసారి చూద్దాం అన్నాడు. ఓటుకు పెట్టమన్నాను. గదిలో లేచింది నా చెయ్యి ఒక్కటే. మా ఆవిడ కూడా ఎత్తలేదు. నవ్వులు వినిపించాయి. చెయ్యి దించలేదు. సెక్రటరీ మినిట్స్ పుస్తకం తెరిచి, ఏమని రాయమంటారు అంకుల్ అన్నాడు.

వీగిపోయిందని రాయి నాయనా, అన్నాను. అతను రాసేదాకా చెయ్యి అలాగే ఉంచాను.