పదమూడో ఎక్కం

ఆ రుమాలు మనిషి మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

అరవైల నాటి మాట. బోధన్ నుంచి నిజామాబాద్ పోయే బస్సులో, చెరకు కొడుతుంటే పాము కరిచిన ఒకతన్ని పడుకోబెట్టారు. ఎడపల్లి రాగానే అతని భార్య లేచింది.

"బస్సు ఆపున్రి, ఈడ మంత్రగాడున్నడు!"

"దవాఖానకు పోకుంటే చస్తడు!" అని అరిచాను. ఆమె నన్ను తిట్టి, భర్తను లేపబోయింది.

తలకు రుమాలు చుట్టుకున్న ఒకాయన వెనక సీటులోంచి వచ్చాడు. "కూసో అక్కా. నాకు మంత్రమొస్తది. నిజామాబాద్ దాకా విషం ఎక్కకుంట ఆపుత."

ఆమె కూర్చుంది. దారి పొడుగునా అతను కాటు పక్కన చెయ్యి పెట్టి గొణుగుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. దవాఖానలో పాము కరిచినతన్ని లోపలికి తీసుకుపోయాక రుమాలాయన్ని నిలదీశాను.

"మంత్రమని చెప్పడానికి సిగ్గు లేదా?"

"నాకు మంత్రం ఎక్కడిదన్నా? పదమూడో ఎక్కం సదివిన. నువ్వు అరిసిన అరుపులకు ఆమె దిగిపోతుండె గద!"

చెరకు కొట్టేవాడు బతికాడు.

మరుసటేడు అతని ఊళ్ళోనే ఒక ఆడపిల్లను పాము కరిచింది. అతన్ని బతికించిన రుమాలు మంత్రగాడి కోసం పిల్ల ఇంటివాళ్ళు బోధన్ బస్టాండంతా వెతికారట. పిల్ల అక్కడే పోయింది. నిజామాబాద్ బస్సు పక్కనే ఆగి ఉందని కండక్టర్ చెప్పాడు.