పెద్దమ్మ కానుకిచ్చిన షుగరు బిళ్ళలు

ఆ రోజుల్లో మా సంఘాన్ని దుర్బోధ నుంచి కాపాడే పని దేవుడు నా ఒక్కదానికే అప్పజెప్పాడని గట్టిగా నమ్మేదాన్ని. ఇరవై రెండేళ్ళ వయసు. పర్చూరు దారిలో ఉన్న మా ఊళ్ళో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, ఆదివారాలు మందిరంలో సండేస్కూలు చూసుకునేదాన్ని. చూసుకునేదాన్ని అంటే, పెద్దపిల్లల తరగతిని సంఘపెద్దగారి కోడలికిచ్చి, ముక్కులు కారే చిన్నపిల్లల్ని నాకు అంటగట్టారు. (ఆవిడకి పది ఆజ్ఞలు వరసగా చెప్పడం రాదు. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.) ఎక్కడ ఏ తప్పు కనబడినా లేచి అడిగేదాన్ని కాబట్టి ఊళ్ళో నాకు లాయరమ్మ అని పేరు పెట్టారు. అది మెచ్చుకోలు కాదని తెలియడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది.

మా అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళి నన్ను డిగ్రీ దాకా చదివించింది. మనిషి గట్టిదే గానీ షుగరు ఉంది. కాలి బొటనవేలికి పుండు పడి మానకపోతే గుంటూరు తీసుకెళ్ళి చూపించాను. బిళ్ళలు ఒక్కపూట కూడా మానొద్దని, మానితే వేలితో పోదని, పాదం దాకా వస్తుందని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు. అందుకని పొద్దునా సాయంత్రం బిళ్ళ ఆవిడ నోట్లో పడి మంచినీళ్ళు గొంతు దిగేదాకా ఎదురుగా నిలబడేదాన్ని.

ఆ ఏడు మిరపకోతలు అయిపోయాక మా మందిరంలో స్వస్థత కూటాలు పెట్టారు. వాక్యం చెప్పడానికి ఎక్కడి నుంచో ఒక దైవజనుడు వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల చెప్పులు. మొదటిరోజు కూటంలోనే, బిళ్ళ మింగేవాడు సగం దేవుణ్ణీ సగం మందుల షాపునీ నమ్ముకున్నాడని, అలాంటి సగం విశ్వాసం పరలోకంలో చెల్లదని చెప్పాడు. నాకు నోట మాట రాలేదు. నాకు నోట మాట రాకపోవడమంటే మా ఊళ్ళో పెద్ద విశేషం. బైబిల్లో లూకా డాక్టరు కాదా, తిమోతి కడుపునొప్పికి పౌలు మందు చెప్పలేదా అని లోపల ఉడికిపోతున్నాను. ఇంతలో ఆయన ప్రసంగం చెప్పే బల్ల ముందు నీలం రంగు ప్లాస్టిక్ టబ్బు పెట్టించి, విశ్వాసం ఉన్నవాళ్ళు రేపు మందులు తెచ్చి ఇందులో దేవుడికి కానుకగా వేయాలన్నాడు.

మర్నాడు జనం వరస కట్టారు. బీపీ బిళ్ళలు, గ్యాసు బిళ్ళలు, ఎవరిదో దగ్గు సీసా. ఆ వరసలో, కుంటుకుంటూ, మా పెద్దమ్మ. కొంగు ముడి విప్పి, నేను నా జీతంతో కొన్న షుగరు బిళ్ళల అట్టలన్నీ టబ్బులో వేసి, కళ్ళకద్దుకుని వచ్చి నా పక్కనే చాప మీద కూర్చుంది. చెంప మీద కొట్టినా నేనంత అదిరిపడి ఉండేదాన్ని కాదు.

ఇంటికొచ్చాక బతిమాలాను, ఏడ్చాను, వాక్యం తీసి చూపించాను. కొత్తవి కొని తెస్తానన్నాను. ఆవిడ వినలేదు.

"దేవుడికిచ్చేశానే. ఇచ్చి మళ్ళీ కొనుక్కుని మింగితే ఆయన్ని మోసం చేసినట్టు కాదా? నాకు విశ్వాసం నేర్పేదానివయ్యావా నువ్వు?"

మా పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. మేమంతా ఆయన్ని అయ్యగారు అంటాం. చీమకి కూడా దారిచ్చే మనిషి. నా ఏడుపంతా విని, నిజమేనమ్మా, కానీ పిలిచి తెచ్చుకున్న మనిషి కదా, రేపటితో వెళ్ళిపోతాడు కదా అని నేల చూపులు చూశారు. పక్కనున్న సంఘపెద్దగారైతే, చిన్నపిల్లవి, నీకెందుకమ్మా పెద్ద పెద్ద సిద్ధాంతాలు అన్నాడు. (ఆయన బీపీ బిళ్ళలు టబ్బులో అన్నిటికన్నా పైన, అందరికీ కనబడేలా ఉన్నాయి.) సిద్ధాంతం సంగతి తర్వాత, మా పెద్దమ్మ కాలు సంగతేమిటని అడిగాను. ప్రార్థన చేద్దాం అన్నారు ఇద్దరూ.

ఇక నాకు మిగిలింది ఒక్కటే దారి. మా మందిరంలో ఆడపిల్లకి మైకు దొరికేది సాక్ష్యాల సమయంలోనే. దేవుడు తనకి చేసిన మేలు చెబుతానని లేస్తే ఎవరూ కాదనరు. ఆదివారం ఆరాధనలో నేను లేచాను. రాత్రంతా తయారు చేసుకున్న మాటలు వరసగా నోట్లో ఉన్నాయి.

"సంఘమా, మన మధ్యకి ఒక తప్పుడు బోధ వచ్చింది" అన్నాను.

"స్తోత్రం" అంది సంఘం.

మా వాళ్ళకి అదొక అలవాటు. సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ స్తోత్రం అంటారు. మాట వినాలని లేదు, ఊపిరి వింటే చాలు. లూకా డాక్టరన్నాను, తిమోతికి పౌలు మందు చెప్పాడన్నాను, మందు మానడం విశ్వాసం కాదన్నాను. స్తోత్రం అన్నారు. మందు మానమన్నవాడు దేవుడి పేరు చెప్పి ప్రాణాలు తీస్తున్నాడన్నాను. హల్లెలూయ అన్నారు. నా గొంతు పెరిగేకొద్దీ వాళ్ళ గొంతూ పెరిగింది. కీబోర్డు అబ్బాయి, ఎవరడిగారో గానీ, నా మాటల కింద మెల్లగా సంగీతం మొదలెట్టాడు. డోలక్ కూడా అందుకుంది. ముందు వరసలో మా పెద్దమ్మ కళ్ళు మూసుకుని, చేతులెత్తి, అందరికంటే గట్టిగా స్తోత్రం అంటోంది. ఆఖరికి నేను ఏడుస్తూ ఆ దైవజనుడి వైపే వేలు పెట్టి చూపిస్తే, ఆయన లేచొచ్చి నా తల మీద చెయ్యి వేసి, "ఈ బిడ్డ ఆత్మలో మండుతోంది" అన్నాడు. మందిరం చప్పట్లతో మోగిపోయింది. నా జీవితంలో నాకు చప్పట్లు కొట్టింది ఆ ఒక్కసారే, అదీ ఇలా.

దైవజనుడు మధ్యాహ్నం కోడికూర తిని వెళ్ళిపోయాడు. టబ్బు అయ్యగారి గదిలో ఉండిపోయింది. ఆ వారమంతా పెద్దమ్మ బిళ్ళ ముట్టలేదు. వేలి చుట్టూ వాపు ఎక్కింది, చెప్పు తొడగలేకపోయేది. నేను అన్నం మానేసి కూర్చుంటే, నా కంచం ముందు పెట్టి తను పనికి పోయేది. మాట్లాడుకోవడం మానేశాం.

తర్వాత ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు ఆ నీలం టబ్బు పట్టుకుని బయటికొచ్చారు. మా సంఘంలో కోత పండుగకి జనం గుమ్మడికాయలు, కోళ్ళు, మిరపకాయల మూటలు కానుకగా తెస్తారు. వాటిని అక్కడే వేలం వేస్తారు, ఎవరైనా పాడుకుని ఇంటికి తీసుకెళ్ళచ్చు. అలా పాడుకున్నది దేవుడి దగ్గర తీసుకున్నదే, అందులో తప్పు పట్టేవాళ్ళు లేరు. ఇవి కూడా దేవుడికొచ్చిన కానుకలే కాబట్టి పద్ధతి ప్రకారం వేలం వేస్తున్నామని, ఎవరి మందు వాళ్ళే పాడుకోవాలని అయ్యగారు చెప్పారు. అందరికంటే ముందు మా పెద్దమ్మ లేచి, నా షుగరు బిళ్ళలకి యాభై అంది.

"అరవై" అన్నాడు సంఘపెద్దగారు. కోడి వేలానికైనా, గుమ్మడికాయ వేలానికైనా పాట పెంచడం ఆయన అలవాటు.

పెద్దమ్మ ఆయన వైపు తిరిగింది. "మీకు షుగరుందా పెద్దగారూ?"

"లేదమ్మా. బీపీ."

"అయితే మీ పాట వచ్చేదాకా కూర్చోండి."

అందరూ నవ్వారు. బిళ్ళలు చేతికి రాగానే అక్కడే, కుండలో నీళ్ళు ముంచుకుని, ఒకటి వేసుకుంది. ఆ వెనక వరస కట్టిన జనాన్ని ఆపడం అయ్యగారి వల్ల కాలేదు. వేలం అయ్యాక అయ్యగారు చిన్న ప్రసంగం చేశారు. లూకా డాక్టరన్నారు. పౌలు తిమోతికి మందు చెప్పాడన్నారు. మందు మానమనేది మన విశ్వాసం కాదు, అలా చెప్పేవాళ్ళని ఇక ఈ బల్ల దగ్గర నిలబెట్టనన్నారు. మాట మాటా నాదే. నా పేరు ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని కొంగు సర్దుకుని కూర్చున్నాను. చెప్పలేదు. అయ్యగారి జ్ఞానమే జ్ఞానం అని సంఘం ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆ కాలు దక్కింది గానీ ఈ అన్యాయాన్ని నేను పదిహేనేళ్ళు మోశాను. మొన్న చీరాలలో ఒక పెళ్ళిలో అయ్యగారు కనబడ్డారు. రిటైరైపోయారు, చేతికర్ర వచ్చింది. భోజనాల దగ్గర పక్కన కూర్చుని అడిగేశాను. నా మాటలన్నీ చెప్పి, నా పేరెందుకు చెప్పలేదని.

ఆయన విస్తరి మీద చెయ్యి ఆపారు. "నీ మాటలా? సాక్ష్యంలో నువ్వేం చెప్పావో ఆ గోలలో నాకొక్క ముక్క వినపడలేదమ్మా. వేలానికి ముందురోజు, శనివారం మీ పెద్దమ్మ వచ్చింది. లూకా, తిమోతి, అన్నీ వరసగా అప్పజెప్పింది. మా పిల్ల చెప్పింది నిజమే అయ్యగారూ, కానీ దేవుడికిచ్చింది ఊరికే ఎలా తీసుకోను, వేలం వేయండి, పాడుకుంటాను అంది."

ఇంటికొచ్చి పెద్దమ్మని నిలదీశాను. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదని నాలోని లాయరమ్మ అడిగింది.

"నీదే రైటని నీతో చెప్పి, అదే ఇంట్లో నేనెట్టా కాపురం చేసేదే?" అంది, పప్పులో ఉప్పు చూస్తూ.

నవ్వాను. ఎంతసేపు నవ్వానో. మైకు రెండు చేతులతో పట్టుకుని, డోలక్ మోతని మించి గొంతు చించుకుంటున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల కళ్ళ ముందు కనబడింది. ముందు వరసలో ఒక్కరు వింటున్నారని దానికి తెలిసుంటే, పాపం, అంతలా అరిచేది కాదు.