ఊగే కుర్చీకి కొలతలు

మనిషి కనిపిస్తే చాలు, మామగారు కళ్ళతోనే కొలతలు తీసేస్తారు. నలభై ఏళ్ళ దర్జీపని మానేశాక టేపు మెడలోంచి దిగింది గాని, కళ్ళలోంచి దిగలేదు. పాలాయన గుమ్మంలోకి వస్తే పలకరింపుకన్నా ముందు అంకెలే వచ్చేవి: భుజం పదిహేడు, చెయ్యి ఇరవై మూడు. కోడలికి మొదట్లో నవ్వొచ్చేది.

ఎదురింటి టీచరమ్మ పడ్డాక ఆ నవ్వు ఆగింది. ఒక సోమవారం గేటు దగ్గర ఆయన ఆవిణ్ణి ఎగాదిగా చూసి ఏదో గొణిగారు. గురువారం ఆవిడ స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆయన చూపు తగిలిందని వీధి వీధంతా చెవులు కొరుక్కుంది. ఆయన ఎదురైతే జనం గొడుగులు అడ్డం పెట్టుకునేవారు, ఎండా వానా లేకపోయినా. పాలాయన పాకెట్లు గోడ అవతలినుంచే విసిరేవాడు.

మామగారు ఇవేమీ పట్టనట్టు వెనకగదిలో రంపం పట్టుకున్నారు. ఊగే కుర్చీ చేస్తున్నానన్నారు. ఎవరికని కోడలడిగితే, కూర్చునేవాళ్ళకని చెప్పారు. ఒకరోజు ఆమె బల్లమీంచి లేస్తుంటే మోకాళ్ళకేసి చూసి, "పద్దెనిమిది చాలదు" అని గొణిగారు. ఆ తర్వాత రెండు రోజులు ఆమె ఆయన ఎదుట కూర్చోనే లేదు.

ఒక ముసురు మధ్యాహ్నం ఆయన బయటికెళ్ళారనుకుని ఆమె బట్టలు మడతపెడుతోంది. వెనకగదిలోంచి కిర్రుమని చప్పుడు. ఆగి, మళ్ళీ కిర్రు. తలుపు తోసింది. వీపు ఇటు తిప్పి కుర్చీ ఊగుతోంది. అందులో బూడిదరంగు శాలువా కప్పుకుని ఎవరో ఆడమనిషి. భుజాలున్నాయి. భుజాలమీద తల లేదు.

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

"తలుపు దగ్గరికి వెయ్యమ్మా. గాలికి లెక్క తప్పుతోంది" అంది కుర్చీ.

కుర్చీ కాదు, దాని అవతల నేలమీద చెంప ఆనించి పడుకున్న మామగారు. ఒక్క వేలితో ఊపుతూ కింది వంపుచెక్కలు చూస్తున్నారు. కూర్చున్నది ఆయన దర్జీ దుకాణంలో బట్టలు తొడిగే తలలేని పాత బొమ్మ. ఒళ్ళో ఇసుక మూటలు.

"ఎవరి బరువు మామయ్యగారూ ఇది?"

ఆయన లేచి కూర్చున్నారు, జుట్టునిండా రంపప్పొట్టుతో. టీచరమ్మదన్నారు. ఆ సోమవారం ఆవిడ ఎడమకాలు ఈడుస్తోందని, నడుము ఒకవైపు అరంగుళం వాలిందని గమనించారట. పరాయి ఆడమనిషితో నడక గురించి ఏం మాట్లాడతామని మొహమాటపడి ఊరుకున్నారట.

"ఆ రోజే చెప్పాల్సిందమ్మా" అన్నారు.

మూడు నెలలుగా ఆవిడ, లేవాలంటే ఒకరిని పిలవాల్సి వస్తోందని, మంచం దిగడమే మానేసింది. అందుకని ఈ కుర్చీ పద్దెనిమిదంగుళాలకన్నా ఎత్తుండాలి; మామూలు కుర్చీకన్నా రెండువేళ్ళు ఎక్కువ ముందుకి వాలి, అక్కడ ఆగి, మనిషిని కాళ్ళమీద నిలబెట్టాలి. ఆయన పట్టుదల అదీ.

సాయంత్రం ఇద్దరూ కుర్చీని చెరోవైపు పట్టుకుని వీధి దాటారు. వాళ్ళు నడిచినంత మేరా కిటికీలు మూసుకున్నాయి.

టీచరమ్మ కోడలి చెయ్యి పట్టుకుని మంచం దిగి, అనుమానంగానే కూర్చుంది. ముందుకి వంగింది. కుర్చీ ఆవిడతోపాటే వచ్చి ఆగింది. ఎవరి చెయ్యీ పట్టకుండా ఆవిడ నిలబడి ఉంది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. అలా ఏడుసార్లు.

"ఇక మీరు వెళ్ళండి. తలుపు నేను వేసుకుంటాను" అంది.

వాళ్ళు వీధిలోకొచ్చి తుంపరలో ఆగారు. ఎంతోసేపటికి లోపల గడియ పడింది. మళ్ళీ తీసిన చప్పుడు. మళ్ళీ వేసిన చప్పుడు.