మిర్చి బస్తాలో మైనం దిమ్మ

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవిలో నన్ను గుంటూరులో ఒక బోధనాసుపత్రి పాథాలజీ విభాగానికి అసోసియేట్ ప్రొఫెసర్‌గా వేశారు. అద్దంకి పక్క పల్లెలో పొగాకు, మిర్చి పొలాల మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఎండ నాకు కొత్త కాదు. ఆ ఏడు మే నెల మాత్రం పట్టపగలే చుక్కలు చూపించింది. మా పని తెలియనివారికి ఒక మాట చెప్పాలి. మేం రోగికి మందు రాయం. గడ్డ నుంచి కోసి పంపిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి అదేమిటో చెబుతాం. ముక్క చెడకుండా మైనంలో పోసి, అగ్గిపెట్టెలో సగం ఉండే దిమ్మ చేస్తాం. దాన్ని బ్లాక్ అంటాం. అది భద్రంగా ఉంటే, కొత్త పరీక్ష ఏది కావాలన్నా అందులోంచి మరో పలచని పొర కోసుకోవచ్చు.

చేరిన రెండో వారం. మా గదిలో ఏదో తనిఖీ తాలూకు సమావేశం జరుగుతోంది. బయట వరండాలో, రిపోర్టుల కోసం జనం కూర్చునే బల్ల దగ్గర, ఎవరో ఆడమనిషి కీర్తన పాడుతోంది. పెద్దగా కాదు, తనలో తను పాడుకుంటున్నట్టు. గొంతు మాత్రం గోడలు దాటి వస్తోంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. లేచి వెళ్ళి, "ఇది ఆసుపత్రి అమ్మా, లోపల పని జరుగుతోంది" అని తలుపు వేసేశాను. పాట చరణం మధ్యలో ఆగిపోయింది.

ఆమె పేరు సువార్తమ్మ. పత్తి తీతకూ మిరప కోతకూ వెళ్ళే కూలీ. వాళ్ళ పల్లె చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఆ రోజు వచ్చింది తన రిపోర్టు కోసమే. టాన్సిల్ దగ్గర క్యాన్సర్ అని అందులో రాసి సంతకం చేసింది నేనే.

చికిత్సకు సువార్తమ్మ ఒప్పుకోలేదు. సర్జన్ గారు ఆమెను నా దగ్గరికి పంపారు. "ఎటూ పోయేదాన్నేనైతే పాడుకుంటా పోతానండి. కోయటం, కాల్చటం నాకెందుకు?" అంది. నయమయ్యే రకమో, మొండిదో ముందు తెలిస్తే అప్పుడు ఆలోచిస్తానంది. అడగవలసిన ప్రశ్నే అడిగింది.

దానికి ఒక దారి ఉంది. పి16 అని ఒక ప్రొటీన్. టాన్సిల్ ప్రాంతపు క్యాన్సర్ కణాల్లో అది దండిగా కనిపిస్తే, ఆ గడ్డ చాలావరకు వైరస్ వల్ల వచ్చినది అయి ఉంటుంది. అలాంటివి రేడియేషన్‌కు బాగా లొంగుతాయి. కనిపించకపోతే మొండి రకమని భయపడాలి. ఇది నూటికి నూరుపాళ్ళు నిజమయ్యే జోస్యం కాదు, మొగ్గు ఎటుందో చెప్పే గుర్తు మాత్రమే. ఆ పరీక్ష అప్పట్లో మా దగ్గర లేదు. బ్లాక్‌ను హైదరాబాదు పంపాలి. పద్ధతి ప్రకారం రిజిస్టరులో సంతకం తీసుకుని ఆమె భర్త దావీదు చేతికిచ్చాను. సోమవారం బండెక్కుతానన్నాడు. "ఎండ తగలనివ్వకు, మైనం కరిగితే మనకిక ఏమీ మిగలదు, చల్లటి చోట పెట్టు" అని ఒకటికి రెండుసార్లు హెచ్చరించాను కూడా.

సోమవారం పొద్దున దావీదు వట్టి చేతులతో వచ్చాడు. అతను మిర్చి కోల్డ్ స్టోరేజీలో హమాలీ. ఇంటి మీద రేకులు, లోపల నిప్పులకొలిమి. అందుకని బ్లాక్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, తాను పనిచేసే చోట ఒక మిర్చి బస్తా మూతి కుట్టు కింద దూర్చాడు. ఆదివారం అతను చర్చిలో ఉండగా, ఆ వరస సరుకంతా లారీకెత్తి అమ్మకానికి మిర్చి యార్డుకు తోలేశారు.

నేను అరిచిన అరుపులకు టెక్నీషియన్ సుబ్బారావు గారు పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చారు. దావీదు తల దించుకునే అన్నాడు: "కరగకూడదన్నారు కదండీ. ఈ ఊళ్ళో అంతకన్నా చల్లటి చోటు నాకు తెలవదండీ."

మళ్ళీ ముక్క తీద్దామంటే సువార్తమ్మ గొంతులో కత్తి పెట్టనివ్వనంది.

నేనూ, సుబ్బారావు గారూ, దావీదూ యార్డుకు వెళ్ళాం. ఆ బస్తాలు ఇంకా అమ్ముడుపోలేదు. దావీదు హమాలీ ముఠా వాళ్ళు మాట కూడా అడక్కుండా దబ్బనాలు తీశారు. ఒక్కో మూతి విప్పడం, చెయ్యి పెట్టి తడమడం, మళ్ళీ కుట్టడం. సరుకుదారు మొదట గొడవపెట్టుకున్నాడు. సంగతి తెలిశాక, "ఒరేయ్, ఆ అటు పక్కయి కూడా విప్పండ్రా" అని తనే కేకలేశాడు. ఘాటుకు నా కళ్ళూ ముక్కూ ఏకధారగా కారుతున్నాయి. మధ్యాహ్నం దాటాక దావీదు కవరు పైకెత్తి చూపించాడు. నేను డాక్టర్నన్న సంగతి మరిచి చప్పట్లు కొట్టాను.

మైనానికి ఏమీ కాలేదు. కోల్డ్ స్టోరేజీ చలి బస్తాలో ఇంకా మిగిలినట్టుంది, నిజానికి మా అలమరలో కంటే చల్లగానే ఉంది. సుబ్బారావు గారు దాని మీది ఎర్ర దుమ్ము మెత్తటి గుడ్డతో తుడిచి, మైక్రోటోమ్‌కు బిగించి పొరలు కోస్తూ ఎనిమిదిసార్లు తుమ్మారు. ప్రతి తుమ్ముకూ ముందు చెయ్యి ఆపి, తల పక్కకు తిప్పి, తుమ్మి, మళ్ళీ మొదలుపెట్టేవారు. ఒక్క పొర కూడా చిరగలేదు. ఆ చేతుల్ని మళ్ళీ ఒక్కసారి చూడాలని నాకు ఇప్పటికీ ఉంటుంది. ఆయన ఇప్పుడు లేరు.

ఈసారి ఆ పొరలనూ బ్లాక్‌నూ సుబ్బారావు గారే హైదరాబాదు తీసుకెళ్ళారు. వారం తర్వాత స్లయిడ్ వచ్చింది. కణాలన్నీ ముదురు గోధుమరంగు. పి16 దండిగా ఉంది. సువార్తమ్మను పిలిపించి చెప్పాను. "అంటే బతుకుతానాండి?" అంది. మొగ్గు అటే ఉందన్నాను. అక్కడ ఆగాల్సింది. "మళ్ళీ పాడతానాండి?" అని అడిగింది. ఆమె మొహంలో వెలుగు చూసి నోరు జారాను. "ఎందుకు పాడవు, నేను మీ చర్చికొచ్చి వింటాను" అన్నాను. ఆ మాట మీదే ఆమె రేడియేషన్‌కు వెళ్ళింది.

ఏడాది తర్వాత మా గదికి వచ్చింది. గడ్డ ఆనవాలు లేదు. చిక్కింది, చేతిలో నీళ్ళ సీసా ఉంది. రేడియేషన్‌కు లాలాజలం ఎండిపోయి, రెండు మాటలకొక గుక్క తాగుతోంది. గొంతు గరగరలాడుతోంది. "మీరు చెప్పినట్టే బతికానమ్మా. పాట మాత్రం రాలా," అంది. నిష్ఠూరమేమీ లేదు ఆ మాటలో. చర్చిలో ఇప్పుడు వేరే అమ్మాయి ఎత్తుకుంటోందని, తాను కంజీర వాయిస్తున్నానని చెప్పింది. పాత పాట ఫోనులో ఏమన్నా ఉందా అని అడిగాను. తమది బటన్ల ఫోనంది.

రిటైరయ్యాక మా వీధి చివరి చర్చి ముందు ఆదివారాలు నడక ఆపి నిలబడుతుంటాను. ఆ కీర్తన రెండు మూడుసార్లు విన్నాను. బాగానే పాడతారు. నేను ఆపించిన చరణం మాత్రం ఆ గొంతులో వినాలని ఉంటుంది, అది ఇక కుదరదు.

ఈ కేసు తర్వాత పీజీ విద్యార్థులకు ఒకటే చెప్పేదాన్ని. పి16 లాంటి గుర్తు, గడ్డ చికిత్సకు లొంగే అవకాశం ఎంతో చెబుతుంది. బతికాక ఏం మిగులుతుందో చెప్పదు. అది చెప్పని దానికి మీరు మాటివ్వకండి. వాళ్ళకు చెప్పనిది ఇంకొకటి ఉంది. రిటైరయ్యేదాకా మా గది వరండా తలుపు మూయనివ్వలేదు. ఎండకాలంలో ఏసీ చల్లదనమంతా బయటికే పోతోందని జూనియర్లు విసుక్కునేవారు. పోనివ్వండి అనేదాన్ని.